ఒక ఐరిష్ నాట్యపు వరుస: కాగితం మీద, రికార్డు మీద

ఐర్లండు దేశంలో నాట్యానికి వాయించే వరుసలు వేలకొలదిగా ఉన్నవి. వాటిలో ‘ది రేక్స్ ఆఫ్ మాలో’ అనునది మిక్కిలి చిన్నది, మిక్కిలి సులభమైనది. మాలో అన్నది కార్క్ జిల్లాలోని ఒక పట్టణం పేరు. మన భాషలోని ‘మాలో’కూ దానికీ చుట్టరికం లేదు. రేక్స్ అంటే జల్సారాయుళ్ళు. మాలో పట్టణపు జల్సారాయుళ్ళు అని ఆ పేరుకు అర్థం. అక్కడి పిల్లలు రేకు పిల్లనగ్రోవి చేతపట్టిన తొలిదినాలలో నేర్చుకొనే వరుసలలో ఇది ఒకటి. చేయి తిరిగిన విద్వాంసులు దీనిని సభలో వాయించడానికి కొంత మొగమాటపడతారు. ఇంత అల్పమైన వరుసకు చరిత్ర ఏమిటని ఎవరైనా అడగవచ్చును. కాని ఈ వరుస లండను అచ్చుకూటాలలో కాగితానికెక్కినది, చెన్నపట్టణంలో ఎక్కినది, ఆక్స్‌ఫర్డు చెంతనున్న రాతిగనుల పల్లెలో ఎక్కినది, అమెరికాలోని బోస్టనులో ఎక్కినది. పుట్టినదనుకొనే దేశంలో దీనిని వాయించేవారు మాత్రం చాలాకాలం దీనిని వ్రాయనే లేదు. నాట్యపు వరుసల చరిత్ర వెదకేవారికి ఎదురయ్యే చిక్కు అంతా ఈ ఒక్క వరుసలో ఇమిడి ఉన్నది.

ముందుగా వరుస స్వరూపం చెప్పుకోవాలి. మన స్వరాలలో చెబితే తేలికగా బోధపడుతుంది. ఇది మన ధీరశంకరాభరణ మేళపు స్వరాలలో నడిచే వరుస. ఇందులో రెండు ఖండాలు, రెండూ పొట్టివే. మొదటి ఖండం షడ్జానికీ గాంధారానికీ మధ్య ఉయ్యాల ఊగినట్లు మూడుమార్లు ఊగి, మధ్యమాన్ని తాకి, గబగబ మెట్లు దిగుతుంది. అనగా ‘సగ సగ సగ మగరిస’ అని నడక. వెంటనే అదే ఊపును ఒక మెట్టు క్రిందికి దించి, మంద్రనిషాదానికీ రిషభానికీ మధ్య ‘నిరి నిరి నిరి గరిసని’ అని మరల ఊగుతుంది. రెండవ ఖండం పై స్వరాలలో విహరించి ఇంటికి వస్తుంది. ఒక్కసారి విన్న చెవి దీనిని మరువదు. ఎక్కడ ఏ పేరుతో వినబడినా ఆ ఉయ్యాల ఊపును బట్టి దీనిని ఆనవాలు పట్టవచ్చును. ఈ మాట గుర్తుంచుకోవలసినది. ముందు దీనితో పని ఉన్నది.

మాలో పట్టణం కార్క్ నగరానికి ఉత్తరదిశగా సుమారు 35 కిలోమీటర్ల దూరాన బ్లాక్‌వాటర్ నది ఒడ్డున ఉన్నది. 18వ శతాబ్దిలో అక్కడి గోరువెచ్చని ఊటనీటికి రోగాలు కుదిర్చే గుణమున్నదని ప్రతీతి పుట్టినది. ఇంగ్లండుకు బాత్ నగరం ఎటువంటిదో ఐర్లండుకు మాలో అటువంటిదని చెప్పుకున్నారు. నీరు త్రాగడానికి రోగులు వచ్చినారు. వారి వెనుక రోగమేమీ లేని భూస్వాముల కుమారులు కూడ వచ్చినారు. వీరికి కావలసినది నీరు కాదు. త్రాగుడు, నాట్యం, అప్పులు చేయడం, ఎదిరివారి కిటికీ అద్దాలు పగులగొట్టడం—ఇదీ వారి దినచర్య అని వారి మీద కట్టిన పాట చెబుతుంది. నింద వలె కాక మెచ్చుకోలు వలె చెబుతుంది. ఆ పాట మాటలను కార్క్ వాస్తవ్యుడైన క్రాఫ్టన్ క్రోకర్ 1839లో ప్రకటించిన ఐర్లండు ప్రజాగీతాల సంపుటిలో చేర్చినాడు. అప్పటికి ఊటనీటి వైభవం వాడిపోతూ ఉన్నది. 1828లో అక్కడ కట్టించిన ముచ్చటైన భవనం కూడ దానిని నిలబెట్టలేకపోయినది.

ఈ పాటను ఎడ్వర్డు లైసాట్ అనే చమత్కారి అయిన న్యాయవాది వ్రాసినాడని కొందరు చెబుతూ వచ్చినారు. లైసాట్ పుట్టినది 1763లో. వరుస లండనులో అచ్చుపడినది 1740-50 నడుమ. కనుక మాటలు ఆయనవి అయితే కావచ్చును గాని వరుస ఆయనది కాజాలదు. మన నాటకాల పుస్తకాలలో పాట నెత్తిన ‘ఫలానా మట్టు’ అని వ్రాసే వాడుక ఉండేది. ఆ మట్టు అంతకుముందే జనం నోట నలిగినదని, కవి దానికి క్రొత్త మాటలు తొడిగినాడని దాని భావం. మాలో పాట సంగతీ అంతే. వరుసకు కర్త పేరు లేదు. ఉండవలసిన అగత్యం కూడ ఎవరికీ తోచలేదు.

వరుస కాగితం మీద కనిపించిన తొలిచోట్లలో ఒకటి బర్క్ థుమోత్ అనే వేణువాదకుడు లండనులో 1745 ప్రాంతాన వెలువరించిన సంపుటం. వేణువుకూ ఫిడేలుకూ హార్ప్సికార్డుకూ పనికివచ్చేటట్లు ఐరిష్ వరుసలను ఆయన అందులో కూర్చినాడు. ఆ పుస్తకాలు కొన్నవారు ఐర్లండు రైతులు కారు. లండను మధ్యతరగతి ఇండ్లలో సాయంకాలం వేళ సరదాకు వాద్యం పట్టే గృహస్థులు వాటిని కొన్నారు. అదే కాలాన ఇంగ్లండులో వరుసలు తీరి ఆడే పల్లెనాట్యాలకు గొప్ప మోజు ఉండేది. ఏటేటా క్రొత్త నాట్యాల చిన్న పుస్తకాలు వెలువడేవి. అచ్చువేసేవారికి వరుస కావలెను. అది ఎక్కడిదైనా సరే. ఈ తొందరలో పేరు చెడిపోయినది. మాలో అనే ఊరు లండనువారికి తెలియదు. థేమ్స్ ఒడ్డున మార్లో అనే ఊరు తెలుసును. కొన్ని పుస్తకాలలో మాలో కాస్తా మార్లో అయినది. కార్క్ జిల్లా జల్సారాయుళ్ళు ఒక్క అక్షరంతో ఇంగ్లీషు పౌరులైనారు.

మరి ఐర్లండులో దీనిని ఎవరు వ్రాసినారు? వ్రాయగలవారు లేకపోలేదు. 1792లో బెల్ఫాస్టు నగరంలో వీణవంటి హార్ప్ వాద్యపు వృద్ధ విద్వాంసులను సమావేశపరచినప్పుడు ఎడ్వర్డు బంటింగ్ అనే పందొమ్మిదేండ్ల యువకుడు వారి సంగీతాన్ని స్వరలిపిలో దించుకున్నాడు. 1796, 1809, 1840లలో మూడు సంపుటాలు ప్రకటించినాడు. కాని ఆయన వెదకినది ప్రాచీనమైనది, గంభీరమైనది, అంతరించిపోతున్నది. ప్రతి సంతలోనూ వినబడే గంతుల వరుస ఆయన మనసుకు పట్టలేదు. ఆ తరువాతి పండితులు కూడ చాలవరకు ఆ బాటనే నడిచినారు. నశిస్తున్నదాని మీద జాలి కలిగినంతగా, పుష్కలంగా ఉన్నదాని మీద శ్రద్ధ కలగదు. పల్లెలలో నాట్యం నేర్పే గురువులూ, ఫిడేలువారూ, తిత్తివాద్యంవారూ చెవితో నేర్చి చేతితో అందించినారు. వారికి కాగితంతో పని లేదు. అందువల్ల ఈ వరుసకు ఇంటివద్ద సాక్ష్యం లేదు. పరాయిచోట్లనే సాక్ష్యం ఉన్నది.

ఆ పరాయిచోట్లలో మనకు మిక్కిలి ఆసక్తి కలిగించేది చెన్నపట్టణం. కంపెనీ సైన్యంలో తెల్లసిపాయిలలో ఐరిష్‌వారు పెద్దభాగం. చెన్నపట్టణపు తెల్లదళం సంగతే చూడండి: అది తరువాత మద్రాసు ఫ్యుజిలీర్లు అనిపించుకొని, 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యుజిలీర్లలో మొదటి పటాలమై, 1922లో రద్దయ్యేవరకూ ఐరిష్ దళంగానే మెలగినది. సెయింట్ జార్జి కోటలో బ్యాండుమేళం మ్రోగేది. ఆ మేళానికి కావలసినవి ఇటువంటి పొట్టి, చురుకైన, అడుగుకు అడుగు తగిలే వరుసలే.

కోటకు కొలది దూరంలో మణలి గ్రామం. అక్కడి జమీందారు ముత్తుకృష్ణ మొదలియారు కంపెనీవారికి దుబాసి, సంగీతమంటే ప్రాణం. ఆయన ఆశ్రయంలో రామస్వామి దీక్షితుల కుటుంబం ఉండేది. దీక్షితుల కుమారులను కోటకు తీసుకొనిపోయి బ్యాండు వినిపించేవారని సంప్రదాయం చెబుతున్నది. ఆ కుమారులలో బాలుస్వామి దీక్షితులు ఒక తెల్ల విద్వాంసుని వద్ద ఫిడేలు నేర్చి, మన కచేరీలలో ఆ వాద్యానికి పీట వేసినవారిలో అగ్రగణ్యుడైనాడు. పెద్దకుమారుడు ముత్తుస్వామి దీక్షితులు. 1775లో జన్మించి 1835లో గతించిన ఈ మహానుభావుడు కోటలో విన్న వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చినాడు. అవి దాదాపు నలభై. ‘నోటు’ అనే ఇంగ్లీషు మాటనుబట్టి వాటికి నొట్టుస్వర సాహిత్యాలని పేరు వచ్చినది. మన పెండ్లిండ్లలో సన్నాయివారు కడపట వాయించే ‘ఇంగ్లీషు నోటు’ ఈ మాటకు దాయాదే. ఈ పాటలను సేకరించడంలో సి. పి. బ్రౌను దొర పేరు కూడ సంగీతజ్ఞుల నోట వినబడుతూ ఉంటుంది.

ఆ పాటలలో మీనాక్షీదేవిని స్తుతించే ‘వందే మీనాక్షి’ అనే పాట వరుస మన జల్సారాయుళ్ళ వరుసే. మధుర మీనాక్షికీ మాలో త్రాగుబోతులకూ ఇటువంటి సంబంధం కుదురుతుందని ఎవరు ఊహించగలరు! అయితే ఈ విషయాన్ని వింతగా చెప్పి ఊరుకోవడం చరిత్ర కాదు. ఆ సాహిత్యపు మొదటి పాదాన్ని ఛందస్సు తెలిసినవారు ఒకమారు గురులఘువులుగా విడదీసి చూడండి. మొదట వరుసగా ఆరు గురువులు వస్తవి. వెంటనే నాలుగు లఘువులు వస్తవి. ఐరిష్ వరుస ఎత్తుగడలో మొదట ఆరు నిడుపు స్వరాలు—సగ సగ సగ. వెంటనే వాటిలో సగం కాలం పట్టే నాలుగు పొట్టి స్వరాలు—మగరిస. ఒక స్వరానికి ఒక అక్షరం. నిడుపు స్వరానికి గురువు, పొట్టి స్వరానికి లఘువు. మీనాక్షి అనే మాటలో ‘క్షి’ తనంత తాను లఘువు. తరువాతి అక్షరం సంయుక్తం కావడం వల్ల గురువైనది. అక్కడ నిడుపు స్వరమే ఉన్నది.

దీనిని నేను మిక్కిలి విలువైన సాక్ష్యంగా భావిస్తున్నాను. స్వరాలన్నీ నశించి ఒక్క సాహిత్యమే మిగిలి ఉన్నప్పటికీ, చెన్నపట్టణంలో ఆ వరుస ఏ లయతో మ్రోగినదో ఆ గురులఘువులను బట్టి తిరిగి కట్టవచ్చును. కోటలో ఆ దినం బ్యాండువారు మధ్యమం నుంచి దిగేటప్పుడు నాలుగు స్వరాలు సమంగా విడివిడిగా పలికించినారనీ, ఈనాడు ఐర్లండులో వాయించే నడక కూడ అదేననీ చెప్పడానికి ఆధారం దొరికినది. లండను పుస్తకాలు ఇల్లాండ్ర హార్ప్సికార్డు కోసం వరుసను ముస్తాబు చేసినవి. దీక్షితులు ముస్తాబు చేయలేదు. గమకాల సముద్రమైన ఆ మహావాగ్గేయకారుడు ఈ పాటలో గమకానికి చోటివ్వక, విన్న స్వరాన్ని విన్నట్లు నిలిపినాడు. కొందరు విమర్శకులు నొట్టుస్వరాలు పిల్లల ఆటవస్తువులని త్రోసివేస్తారు; మరికొందరు తూర్పు పడమరల మహాసంగమమని ఆకాశానికెత్తుతారు. నాకు రెండూ అతిశయోక్తులుగానే తోస్తవి. అవి మొట్టమొదట శ్రద్ధగల ఒక చెవి వ్రాసిపెట్టుకున్న లిఖితాలు. గ్రామఫోను పుట్టడానికి ముందు అంతకుమించిన ధ్వనిముద్రణ సాధ్యం కాదు.

ఈ పాటలు అచ్చుకెక్కిన కథలో మరొక మలుపు ఉన్నది. చిన్నస్వామి మొదలియారు అనే విద్వాంసుడు మన సంగీతాన్ని పాశ్చాత్య స్వరలిపిలో దించి రక్షించాలని పూని, 1890 తరువాత చెన్నపట్టణంలో భాగాలుగా ఒక గ్రంథం వెలువరించినాడు. నొట్టుస్వరాలను అందులో ఐదు గీతల లిపిలో ప్రకటించినాడు. అంటే చూడండి: లండనులో ఐదు గీతల మీద ఉన్న వరుస బ్యాండు నోట వెలువడి, దీక్షితుల చెవిలో పడి, సంస్కృత సాహిత్యమై, శిష్యుల గొంతులలో మూడు తరాలు నిలిచి, మరల ఐదు గీతల మీదికి చేరినది. ఇంటికి వచ్చిన బిడ్డను తల్లి ఆనవాలు పట్టలేనంత వేషం మారినది గాని నడక మారలేదు. చిన్నస్వామి మొదలియారు ప్రోత్సాహంతోనే ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగున వెలువరించినారు. మరుసటి ఏడు వచ్చిన వారి ‘ప్రథమాభ్యాస పుస్తకము’లో కొన్ని నొట్టుస్వరాలకు కూడ చోటు దొరికినది. కావేరీతీరపు సంగీతానికి తెలుగు లిపి అప్పటికి ఇంటి లిపి.

నొట్టుస్వరాల పట్టికలలో ఈ వరుస పేరు కొన్నిచోట్ల ‘రేక్స్ ఆఫ్ మార్లో’ అని కనబడుతుంది. లండను పుస్తకాల తప్పు చెన్నపట్టణం దాకా నడిచి వచ్చినదన్నమాట. దీనిని బట్టి వరుస ఐరిష్ సిపాయి నోట రాలేదు, ఇంగ్లీషు పుస్తకం నుంచే వచ్చినదని తీర్పు చెప్పడానికి మనసు ఉవ్విళ్ళూరుతుంది. అంత తొందర కూడదు. పేరు వేరు, వరుస వేరు. వరుస ఒక దారిన రావచ్చును. తరువాత దానిని ఆనవాలు పట్టిన పండితుడు మరొక పుస్తకం చూచి పేరు తగిలించవచ్చును. తప్పుపేరు దారి చూపే గుర్తు మాత్రమే, దస్తావేజు కాదు.

ఆ తప్పుపేరు ఇంగ్లండులోనే మరొక చిత్రమైన పని చేసినది. 1899 డిసెంబరు 26వ తేదీన ఆక్స్‌ఫర్డు చెంతనున్న హెడింగ్టన్ క్వారీ అనే పల్లెనుంచి కొందరు పనివారు చలికి పనులు లేక, నాలుగు డబ్బుల కోసం ఋతువు కాని ఋతువులో తమ మోరిస్ నాట్యం ఆడుతూ బయలుదేరినారు. వారికి విలియం కింబర్ అనే యువకుడు కాన్సర్టీనా వాయించినాడు. చేతులలో ఇమిడే చిన్న హార్మోనియం వంటిది ఆ వాద్యం. బంధువుల ఇంట బసచేసి ఉన్న సంగీతోపాధ్యాయుడు సెసిల్ షార్ప్ అది చూచి నిశ్చేష్టుడైనాడు. మరునాడు కింబరును పిలిపించి వరుసలు వ్రాసుకున్నాడు. ఇంగ్లండు జానపద సంగీతోద్యమానికి ఆ దినాన్నే నాంది అంటారు. షార్ప్ 1907లో మరొకరితో కలిసి ప్రకటించిన మోరిస్ నాట్య గ్రంథపు మొదటి భాగంలో ‘రిగ్స్ ఓ మార్లో’ అనే నాట్యం ఉన్నది. వరుస మనకు తెలిసినదే. రేక్స్ రిగ్స్ అయినవి. ఆరుగురు మగవారు కర్రలు చేతపట్టి, వరుస గతికి సరిగా ఒకరి కర్రకు ఒకరు తట్టుతూ ఆడతారు. మన కోలాటం ఎరిగినవారికి వేరే వర్ణన అక్కరలేదు.

ఐర్లండు నుంచి వచ్చిన వరుస ఆక్స్‌ఫర్డు పల్లెవారికి తాతలనాటి సొత్తు అయినది. అది పరాయిదని కింబరుతో చెప్పి ఉంటే ఆయన నవ్వి ఉండేవాడనుకుంటాను. తండ్రి వాయించినాడు, తాను వాయించినాడు. ఏది మూలం, ఏది నకలు అనే ప్రశ్న పుస్తకాలవారిది. అయితే కింబరు వలన మరొక లాభం కలిగినది. ఆయన 1961 వరకూ జీవించినాడు. ఆయన వాద్యం గ్రామఫోను రికార్డులలో నిలిచినది. షార్ప్ వ్రాసిన గీతలనూ కింబరు వాయించిన ధ్వనినీ ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే కాగితం ఏమి చెప్పలేదో తెలుస్తుంది. నాట్యగాడు గాలిలోకి లేచినప్పుడు కింబరు కాలాన్ని వెంట్రుకవాసి సాగదీస్తాడు. పాదం నేలను తాకినప్పుడు మరల అందుకుంటాడు. ఆ సాగుడును గీతల మీద వ్రాయడానికి గుర్తు లేదు. వ్రాసినా చదివేవాడు దానిని తప్పుగా అతిగా వాయిస్తాడు.

ధ్వనిని పట్టే యంత్రం వచ్చిన తరువాత ఐరిష్ వరుసల చరిత్ర ఒక్కసారిగా మారినది. ఆ మార్పు మొదట అమెరికాలో జరిగినది. కరవులకు తాళలేక సముద్రం దాటిన ఐరిష్‌వారి బిడ్డలు అక్కడ ఉన్నారు; యంత్రాలూ అక్కడే ఉన్నవి. కార్క్ జిల్లాలోనే 1848లో పుట్టి, షికాగో నగరంలో 1901 నుంచి 1905 వరకు పోలీసు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆయనకు వరుసలు వందలకొలది కంఠస్థం. స్వరలిపి వ్రాయడం మాత్రం రాదు. ఆయన ఈలవేసి, వేణువు ఊది వినిపిస్తే, అదే శాఖలోని జేమ్స్ ఓనీల్ వ్రాసేవాడు. అట్లా 1903లో 1850 వరుసల మహాగ్రంథం వెలువడినది. ఆయన తన ఇంట మైనపు గొట్టాల మీద మిత్రుల వాద్యం పట్టించినాడు కూడ. గొట్టానికి రెండు నిమిషాలు. ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. వ్రాసినవాని చేయి ఒకటి, వినిపించినవాని గొంతు మరొకటి. ఆ గ్రంథంలోని ఏ స్వరం ఏ ఓనీల్‌ది అని ఈనాటికీ పరిశోధకులు తర్కిస్తూనే ఉన్నారు.

తరువాత గ్రామఫోను పలకలు వచ్చినవి. నిమిషానికి 78 మార్లు తిరిగే పలకకు ఒక ప్రక్క మూడు నిమిషాలు. ఒక్క చిన్న వరుస అంత సేపు నిలవదు. అందువల్ల రెండు మూడు వరుసలు గొలుసుగా కట్టి వాయించడం స్థిరపడినది. ఫలానా రెండు వరుసలు తరతరాలుగా జంటగా వస్తున్నవని అక్కడివారు నమ్మేవాటిలో కొన్ని, న్యూయార్కు స్టూడియోలో గడియారం చూచి కట్టినవే. స్లైగో జిల్లానుంచి వెళ్ళిన మైకేల్ కోల్మన్ 1921 నుంచి 1936 వరకు అక్కడ ఇచ్చిన ఫిడేలు రికార్డులు ఓడలలో ఐర్లండుకు తిరిగివచ్చినవి. వాటిని విని పల్లెలలో ఫిడేలువారు తమ తండ్రుల బాణీ విడిచి కోల్మన్ బాణీ పట్టినారు. రికార్డు వరుసను కాపాడినది. ఊరి బాణీని మరుగుపరచినది. రెండు మాటలూ సత్యమే.

ఇంటివద్ద వ్రాతపని, ధ్వనిపని కలిసి జరిగిన ఘట్టం ఒకటి ఉన్నది. అది రేడియో పాఠకులకు ప్రత్యేకంగా చెప్పదగినది. డబ్లిన్‌లో రేడియో ప్రసారాలు 1926 జనవరి 1వ తేదీన ఆరంభమైనవి. మరుసటి ఏడు కార్క్ నగరంలో కూడ కేంద్రం తెరిచినారు. షేమస్ ఎన్నిస్ అనే తిత్తివాద్య విద్వాంసుడు 1942 నుంచి 1947 వరకు ఐరిష్ జానపద సంఘం పక్షాన సైకిలు మీద, కాగితమూ కలమూ చేతపట్టి, ఊరూర తిరిగి రెండువేలకు పైగా పాటలూ వరుసలూ వ్రాసినాడు. 1947లో రేడియోలో చేరిన తరువాత, ధ్వనిముద్రణ యంత్రం అమర్చిన బండిలో ఆ పల్లెలకే మరల వెళ్ళినాడు. కలంతో వ్రాసిన చేయే యంత్రాన్ని నడిపినది. అటువంటివాడు అరుదు. తాను వ్రాసినదానికీ యంత్రం పట్టినదానికీ గల తేడా ఆయనకు తెలిసినంతగా మరెవరికి తెలియగలదు?

ఎన్నిస్ ధ్వనిముద్రణ చేసినవారిలో పాడ్రిగ్ ఓకీఫ్ ఒకరు. మాలో పట్టణానికి పడమట, బ్లాక్‌వాటర్ నది పుట్టే కొండసీమలో, కార్క్ కెర్రీ జిల్లాల సరిహద్దున ఆయన నివాసం. బడిపంతులు ఉద్యోగం పోగొట్టుకొని, కాలినడకన ఇల్లిల్లు తిరిగి ఫిడేలు నేర్పినాడు. 1963లో గతించినాడు. శిష్యులకు పాఠం వ్రాసియివ్వడానికి తనదైన లిపి కల్పించుకున్నాడు. ఐదు గీతల నడుమ నాలుగు సందులు ఉన్నవి. ఫిడేలుకు తంత్రులూ నాలుగే. సందుకొక తంత్రి. ఆ సందులో 0 వేస్తే ఒట్టి తంత్రి. 1, 2, 3, 4 వేస్తే ఆ వేలు. అంతే. స్వరం పేరు అక్కరలేదు, చేతికి ఏమి చేయవలెనో చెబితే చాలును. మన స్వరలిపి గొంతుకు వ్రాసినది; ఓకీఫ్ లిపి వ్రేళ్ళకు వ్రాసినది. నేర్చినవాడు ఎంత తెలివిగా నేర్పగలడో చూపే ఆ కాగితాలు శిష్యుల ఇండ్లలో చాల నిలిచినవి. ఐర్లండులో వాయించేవాడు వాయించేవాని కోసం వ్రాసినవి కనుక, లండను అచ్చుపుస్తకాల కంటె వాటిని నేను ఎక్కువగా నమ్ముతాను.

ఆ కొండసీమలో పోల్కా అనే రెండు మాత్రల గతి నాట్యానికి ప్రాముఖ్యం. మన వరుస కూడ ఐర్లండులో ఈనాడు పోల్కాల నడుమ వినబడుతుంది. పోల్కా బొహీమియా దేశంనుంచి వచ్చి ఐరోపానంతటినీ ఊపినది 1840 తరువాత. వరుస అచ్చుపడినది అంతకు నూరేండ్లు ముందు. కనుక ‘రేక్స్ ఆఫ్ మాలో పోల్కా’ అనే మాట ఎంత సహజంగా వినబడినా, వరుస పుట్టిననాడు ఆ నాట్యమే లేదు. ఇంగ్లండులో అది కర్రల నాట్యం, చెన్నపట్టణంలో స్తోత్రం, ఐర్లండులో పోల్కా. కాళ్ళు మారినవి.

అమెరికా ముచ్చట క్లుప్తంగా చెబుతాను. బోస్టనులోని ఐరిష్ సంఘం ఒకటి కోరగా లెరాయ్ ఆండర్సన్ 1947లో వాద్యబృందానికి ఐరిష్ వరుసల మాలిక కూర్చినాడు. అందులో మన వరుస ఉన్నది. ఆండర్సన్ తల్లిదండ్రులు స్వీడను నుంచి వచ్చినవారు. 1952లో వచ్చిన ‘ది క్వయట్ మాన్’ అనే చలనచిత్రంలో విక్టర్ యంగ్ సంగీతం కూర్చి, ఊరంతా వెంటబడి చూచే సుదీర్ఘమైన ముష్టియుద్ధానికి ఈ వరుసనే వాడుకున్నాడు. నేటికీ అనేకులకు ఈ వరుస వింటే గ్రుద్దులాటే గుర్తుకువస్తుంది. వాద్యబృందపు రికార్డులు దీనిని లోకమంతటా చేర్చినవి. వాటినుంచి నాట్యపు పాదం గురించి నేర్చుకొనేది మాత్రం స్వల్పం.

ఇన్ని చోట్ల, ఇన్ని పేర్లతో చెదరిన వరుసను ఒకచోట చేర్చడం ఎట్లా? బ్రెండన్ బ్రహ్నక్ అనే డబ్లిన్ పండితుడు దీనికి దారి చూపినాడు. 1963లో ఐరిష్ నాట్యసంగీతపు మొదటి సంపుటం ప్రకటించిన ఈయన, పేర్లను నమ్మరాదని మొదటే గ్రహించినాడు. ఒక వరుసకు పది పేర్లు. ఒక పేరు క్రింద పది వరుసలు. అందుచేత పేరును ప్రక్కకు నెట్టి, వరుస ఎత్తుగడలోని స్వరాలను బట్టి చీటీలు కట్టినాడు. మన నిఘంటువులో మాట మొదటి అక్షరంతో దొరికినట్లు, ఆ చీటీలలో వరుస తన మొదటి ఊపుతో దొరుకుతుంది. ఆయన 1985లో గతించినాడు. 1987లో డబ్లిన్‌లో వెలసిన ఐరిష్ సంప్రదాయ సంగీత భాండాగారం ఆ దీక్షను కొనసాగించినది. అచ్చుపుస్తకాలు, వ్రాతప్రతులు, మైనపు గొట్టాలు, పలకలు, టేపులు అక్కడ ఒక కప్పు క్రింద ఉన్నవి.

ఈ పద్ధతిలో చూస్తే మాలో, మార్లో, రేక్స్, రిగ్స్, మీనాక్షి అన్నీ ప్రక్కకు పోతవి. థుమోత్ పుటా, షార్ప్ పుటా, చిన్నస్వామి మొదలియారు పుటా ‘సగ సగ సగ మగరిస’ అనే ఒక్క శీర్షిక క్రిందికి వస్తవి. నొట్టుస్వరాలను ఇరవయ్యొకటవ శతాబ్దిలో కన్నికేశ్వరన్ అనే సంగీతజ్ఞుడు పరిశోధించి, ఐరిష్ స్కాటిష్ వరుసలతో వాటి బాంధవ్యం తెలిసేటట్లు ధ్వనిముద్రణ చేయించినారు. దీక్షితుల సాహిత్యాన్ని ఒకమారు, కింబరు కాన్సర్టీనాను ఒకమారు, ఐరిష్ పిల్లనగ్రోవిని ఒకమారు విని, మధ్యమం నుంచి షడ్జానికి దిగే ఆ నాలుగు పొట్టి స్వరాల దగ్గర చెవి నిలపండి. కింబరు వాటిని కాళ్ళకోసం సాగదీస్తాడు. పిల్లనగ్రోవి వాటిలో ఒకదానికి చిన్న మెలిక వేస్తుంది. చెన్నపట్టణంలో మాత్రం నాలుగు లఘువులు నాలుగు లఘువులుగానే నిలిచి ఉన్నవి.